పులి దారిలో మన చేన్లు
(కమాన్‌పూర్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పులిని కాపాడాలె అనంగానే మనలో సగం మంది మొఖం తిప్పుకుంటరు. అడవిపందులు చేను తొక్కితే రాని సార్లు, పులి అడుగు కనబడితే జీపులేసుకొని వస్తరని కోపం. ఆ కోపంలో న్యాయం ఉన్నది. అయినా జర వినుండ్రి.

మహారాష్ట్ర తాడోబాలో పులులు పెరిగినయి. ఎదిగిన పిల్లలు సొంత జాగా వెతుక్కుంటూ నది దాటి కాగజ్‌నగర్ అడవులకు వస్తున్నయి. అక్కడినుంచి కవ్వాల్‌కు పోవాలె. కవ్వాల్‌ను 2012లనే పులుల అభయారణ్యం చేసిండ్రు. నడుమ దారిల ఉన్నయి మాత్రం పత్తి చేన్లు, రోడ్లు, రైలు పట్టాలు.

ఆ దారి మీద హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అటవీశాఖతో కలిసి పనిచేస్తున్నది. కెమెరాలు పెట్టి పులుల చారలు పోల్చుకుంటరు, ఉచ్చులు ఏరేస్తరు, జాడ చూసేందుకు స్థానిక యువకులను పెట్టుకుంటరు. నాకు నచ్చింది ఈ చివరిదే. పులి ఎటు తిరుగుతున్నదో ఊరి పిల్లగాడే చెబితే కూలీలు నమ్ముతరు, ఆ దిక్కు పోరు. పట్నం నుంచి వచ్చినాయన చెబితే నమ్ముతరా?

నమ్మకం లేనికాడ ఏమైతదో 2024ల చూసినం. జనవరిల కాగజ్‌నగర్ దగ్గర విషం కలిసిన పశువు కళేబరం తిని పులులు చచ్చినయి. నవంబర్‌ల అదే మండలంల పత్తి ఏర పోయిన యువతిని పులి చంపింది. ఈ రెండిట్ల ఒకదాని గురించే మాట్లాడేటోళ్లతోని మనకు పని లేదు.

ఇగ మన దగ్గరికి వద్దాం. ఇక్కడ మన బాధ పందులతోని. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల మీద తుప్పలు పెరిగినయి, పందులకు దాపు దొరికింది. మక్క చేను ఒక్క రాత్రిల నేలమట్టం. అందుకని కొందరు కరెంటు తీగలు కడుతున్నరు. ఆ తీగకు పంది, పులి, పక్కింటి రైతు అనే తేడా లేదు. రాత్రి మోటరు పెట్టబోయినోడు తగిలితే, కట్టినోడు జైలుకు, తగిలినోడు కాటికి. సోలార్ కంచె అయితే ఝట్కా ఇచ్చి ఊకుంటది, పానం తియ్యది. సబ్సిడీ మీద అందరికీ ఇయ్యాలని మనం అడగాలె.

పశువును పులి చంపితే కళేబరాన్ని కదిలియ్యకుండ్రి. ఫొటో తీసుండ్రి, వెంటనే ఫారెస్టోళ్లకు చెప్పుండ్రి, పశువైద్యునితోని కాగితం రాయించుకోండ్రి. పరిహారం ఆలస్యమైతే ఆ కాగితాల నకలు సంఘానికి ఇయ్యుండ్రి. దరఖాస్తు రాసుడు రానోళ్లు మీటింగ్ అయిపోయినంక ఇక్కడనే ఆగుండ్రి, రాసి పెడతం.