వేటగాళ్ళు కొన్న చిత్తడి నేల

(ప్రసంగ పాఠం: ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ)



ఈ కార్యక్రమంలో నా ప్రసంగం పేరు "న్యూజెర్సీ తీరంలో బాతుల వేట" అని అచ్చు వేశారు. అది చూసి ఇందాక కాఫీ దగ్గర ఒక పెద్దాయన, "ఏమయ్యా, సాఫ్ట్‌వేర్ మానేసి తుపాకి పట్టావా?" అని అడిగారు. లేదండీ, పట్టలేదు, పట్టే ఉద్దేశమూ లేదు. కానీ పట్టినవాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఒకటుందని చెప్పడానికే వచ్చాను.

ముందుగా ఒక మనవి. ప్రవాసాంధ్రుల్ని వలస పక్షులతో పోల్చే వ్యాసాలు మన సావనీర్లలో ఇప్పటికే చాలా వచ్చాయి. ఆ పోలిక అరిగిపోయింది. నేను నిజం పక్షుల గురించే మాట్లాడతాను. ఒక్క మినహాయింపు: మా ప్లెయిన్స్‌బరోలో టౌన్‌హౌసుల మధ్య రిటెన్షన్ పాండ్ల దగ్గర ఏడాది పొడుగునా గడ్డి మేస్తూ, కారు హారన్ కొట్టినా కదలకుండా రోడ్డు దాటే కెనడా గూస్‌లు ఉన్నాయి చూశారా, వాటిలో చాలా వాటికి వలస అలవాటే పోయింది. అవి గ్రీన్‌కార్డు వచ్చిన బాపతు. నేను చెప్పేది వాటి గురించి కాదు. నవంబరులో ఉత్తరం నుంచి దిగి, మార్చిలో తిరిగి వెళ్ళిపోయే వాటి గురించి.

మా ఊరికి గంటన్నర దూరంలో బార్నెగాట్ అఖాతం ఉంది. సముద్రానికీ ఒడ్డుకీ మధ్య సన్నటి ఇసుక దిబ్బలు, వాటి వెనక సగటున 5 అడుగుల లోతు కూడా దాటని ఉప్పునీళ్ళు, ఒడ్డునంతా గడ్డి మొలిచిన పర్ర నేలలు. మన కృష్ణా, నెల్లూరు జిల్లాల తీరం ఎరిగినవాళ్ళకి వేరే వర్ణన అక్కర్లేదు. చలి ఒక్కటే తేడా. అక్కడికి ఎక్కువగా వచ్చేది బ్రాంట్ అనే చిన్న నల్లటి గూస్. కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇక్కడికి దిగుతుంది. అట్లాంటిక్ తీరపు బ్రాంట్‌లలో చాలా భాగానికి చలికాలపు మకాం న్యూజెర్సీయే. ఇంకా బ్లాక్ డక్, స్కాప్, బఫుల్‌హెడ్, మంచు గూస్‌లు.

మా ఆఫీసులో ఒక సహోద్యోగి మూడు తరాలుగా అక్కడ వేటాడే కుటుంబం నుంచి వచ్చాడు. ఒక జనవరిలో ఆయనతో చూడ్డానికి వెళ్ళాను. ఆయన వారం ముందు నుంచీ వాతావరణం చూస్తుంటే, మంచి రోజు కోసం ఎదురుచూస్తున్నాడనుకున్నాను. ఆయన ఎదురుచూస్తున్నది చెడ్డ రోజు కోసం! ఎండ కాసి, గాలి లేకుండా, ఆకాశం నీలంగా ఉంటే బాతు వేటగాడికి శనిపట్టినట్టే. పిట్టలు అఖాతం నడిమధ్యన గుంపుగా కూర్చుని కునుకు తీస్తాయి, ఎగరవు. గాలి కొట్టాలి, మబ్బు దిగాలి, అలలు లేవాలి. అప్పుడు నడినీళ్ళలో ఉండలేక, మరుగు కోసం పర్ర వైపు, కాలువల్లోకి వస్తాయి.

గాలి ఎటునుంచి అన్నది ఇంకో లెక్క. పిట్ట ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది, మన విమానాల్లాగే. అందుకని వేటగాడు గాలిని వీపు వైపు పెట్టుకుని కూర్చుంటాడు. వాయవ్యపు గాలి రెండు రోజులు గట్టిగా వీచిందంటే అఖాతంలో నీటిని బయటికి తోసేస్తుంది. ఆటు సమయం కూడా కలిసిందా, తెల్లవారుజామున తేలుతూ వెళ్ళిన పడవ మధ్యాహ్నానికి బురదలో కూర్చుంటుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా అక్కడే. అందుకే ఆయన పోటు పట్టిక జేబులో పెట్టుకుని తిరుగుతాడు, మన పెద్దవాళ్ళు పంచాంగం పెట్టుకున్నట్టు.

ఇక మంచు. లోపలి చెరువులు గడ్డ కట్టిన వారం అసలైన వారం. మంచినీటి బాతులన్నీ ఉప్పునీళ్ళకి దిగిపోతాయి. పోటుపాట్లు నడిచే కాలువలు త్వరగా గడ్డ కట్టవు కాబట్టి అక్కడే మేత దొరుకుతుంది. చలి ఇంకా ముదిరి అఖాతమే గడ్డ కట్టిందనుకోండి, నీరు మిగిలిన ఆ కొద్దిపాటి మడుగుల్లోనే పిట్టలన్నీ. వేటగాడికి అదే చోటు, ప్రమాదమూ అక్కడే. ఆ నీళ్ళలో పడితే నిమిషాల్లో చేతివేళ్ళు పనిచెయ్యవు. నడుముదాకా తొడిగిన రబ్బరు బూట్లలోకి నీళ్ళు నిండితే పైకి లేవడమే కష్టం. ఆయన నాకు ముందు ఇచ్చింది లైఫ్ జాకెట్, తరవాతే కాఫీ.

ఆ తీరానికే ప్రత్యేకమైన పడవ ఒకటుంది, స్నీక్‌బాక్స్ అంటారు. 1836లో వెస్ట్ క్రీక్ ఊళ్ళో హేజెల్టన్ సీమన్ అనే ఆయన మొదట కట్టాడు. 12 అడుగుల పొడవు, సీడార్ కర్ర, పైన మూత. మనిషి లోపల వెల్లకిలా పడుకుని, పైన పర్ర గడ్డి కప్పుకుంటే పడవ కాదు, గడ్డి దుబ్బు అనుకుంటాం. జానెడు నీళ్ళలో తేలుతుంది, మంచు మీద లాక్కెళ్ళచ్చు. నథానియెల్ బిషప్ అనే ఆయన అలాంటి పడవలోనే పిట్స్‌బర్గ్ నుంచి ఒహాయో, మిసిసిపి నదుల మీదుగా గల్ఫ్ తీరం దాకా వెళ్ళి 1879లో పుస్తకం రాశాడు. నాకది చూడగానే కొల్లేట్లో తాటి దోనెలు గుర్తొచ్చాయి. లోతు లేని నీళ్ళు ఎక్కడున్నా మనిషి బుర్ర ఒకలాగే పనిచేస్తుందేమో.

నీళ్ళ మీద కర్ర బాతుల్ని తేలేస్తారు, వాటిని చూసి నిజం బాతులు దిగుతాయి. ఇంగ్లీషులో డెకాయ్ అంటారు. దీనికి తెలుగు మాట లేదనుకునేరు. మన ప్రబంధాల్లో వేట వర్ణనలు చదివినవాళ్ళకి తెలుసు: దీమం. దీమపు లేడి, దీమపు పిట్ట. మనవాళ్ళు ప్రాణమున్న వాటిని మచ్చిక చేసి దీమంగా వాడేవారు. ఇక్కడా ఒకప్పుడు బతికున్న బాతుల్ని కట్టి ఉంచేవారు, 1935లో ప్రభుత్వం అది నిషేధించింది. కర్ర దీమాలు చెక్కడంలో టకర్టన్ ఊరికి చెందిన హారీ షోర్డ్స్ పేరు మోసినవాడు, 1920లో పోయాడు. బొత్తిగా పనిముట్లుగా చెక్కినవి ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. సెప్టెంబరులో టకర్టన్‌లో దీమాల ప్రదర్శన జరుగుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళండి, అక్కడ తుపాకుల మోతేమీ ఉండదు.

ఇంతవరకూ సరదా. ఇప్పుడు అసలు సంగతి.

19వ శతాబ్దం చివర్లో ఈ తీరంలో వేట ఒక వ్యాపారం. బారెళ్ళకి బారెళ్ళు బాతుల్ని న్యూయార్క్, ఫిలడెల్ఫియా హోటళ్ళకి పంపేవారు. హద్దు లేదు. 1918లో వలస పక్షుల చట్టం వచ్చి అమ్మకం ఆగింది. కానీ 1930లలో కొత్త దెబ్బ: మధ్య రాష్ట్రాల్లో కరువుకి బాతులు గుడ్లు పెట్టే మడుగులెండిపోయాయి. ఇటు అట్లాంటిక్ తీరంలో ఏదో తెగులు సోకి ఈల్‌గ్రాస్ అనే నీటిగడ్డి దాదాపు మొత్తం చచ్చిపోయింది. బ్రాంట్‌కి అదే అన్నం. పిట్టలు కుప్పలుగా పోయాయి. మిగిలినవి సముద్రపు నాచు తినడం నేర్చుకుని బతికాయి. అప్పటినుంచి బ్రాంట్ మాంసం రుచి చెడిందని మా సహోద్యోగి తాతగారు చివరిదాకా విసుక్కునేవారట!

అప్పుడు రూజ్‌వెల్ట్ ఒక పత్రికా కార్టూనిస్టుని పిలిచి ప్రభుత్వ వన్యప్రాణి శాఖ అప్పగించాడు. పేరు జే డార్లింగ్, అందరూ "డింగ్" అనేవారు. 1934లో డక్ స్టాంప్ చట్టం వచ్చింది. బాతుల్ని వేటాడే ప్రతివాడూ ఏటా ఒక డాలరు స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొనాలి. మొదటి స్టాంపు మీద బొమ్మ డార్లింగే వేశాడు. ఆ డాలరు ఇవాళ 25 డాలర్లయింది. 16 ఏళ్ళు నిండిన ప్రతి బాతు వేటగాడూ కొని తీరాలి. డాలరుకి 98 సెంట్లు నేల కొనడానికీ, కౌలుకీ పోతాయి. ఇంతవరకూ 60 లక్షల ఎకరాలకి పైగా కాపాడారు. ఇది కాక 1937 చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను కూడా వన్యప్రాణులకే వెళుతుంది.

అట్లాంటిక్ సిటీకి మనవాళ్ళు బస్సులు కట్టుకుని వెళతారు కదా. దానికి కాస్త ఎగువన గాలోవే దగ్గర ఎడ్విన్ ఫోర్సైత్ రెఫ్యూజీ ఉంది. 1939లో బ్రిగాంటీన్ పేరుతో మొదలైంది, ఇప్పుడు 47 వేల ఎకరాల పైమాట. అందులో గణనీయమైన భాగం ఈ స్టాంపు డబ్బుతో కొన్నదే. 8 మైళ్ళ మట్టిరోడ్డు మీద కారులో తిరగచ్చు. ఇటు వేల మంచు గూస్‌లు, నీళ్ళకి అవతల క్యాసినోల మేడలు. ఆ మేడలు ఇటువైపు ఎందుకు రాలేదంటే, ఈ నేలకి ముందే డబ్బు కట్టినవాళ్ళున్నారు గనక.

మాది కైకలూరు దగ్గర. నా చిన్నప్పుడు చలికాలంలో చిలువల్నీ, పరజ పిట్టల్నీ జతలు జతలుగా సైకిలు హ్యాండిల్‌కి వేలాడేసి అమ్మేవారు. ఎవరూ తప్పనుకోలేదు. మన దేశంలో 1972లో వన్యప్రాణి చట్టం, 1991 సవరణతో వేట పూర్తిగా నిషేధం. కాకతాళీయంగా అమెరికా అంతటా బాతుల వేటలో సీసపు గుళ్ళు నిషేధించిందీ ఆ 1991లోనే. ఇక్కడ షరతులు పెట్టి వేట ఉంచారు, అక్కడ వేట తీసేశారు. మంచిదే. నాకు అభ్యంతరం లేదు. కానీ కొల్లేరుని తగ్గించింది సైకిలు మీద అమ్మినవాడు కాదు, చేపల చెరువు గట్టు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006 నాటికి బుల్డోజర్లతో గట్లు కొట్టారు. గట్లు మళ్ళీ లేచాయి. చట్టం ఉంది. ఆ నీరు నీరుగా ఉంటే తనకి లాభం అనుకునే మనిషే తక్కువయ్యాడు.

ఆ మనిషి ఉన్నచోట కథ వేరు. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతుల రెట్ట కలిసిన చెరువునీరు పొలానికి బలమని రైతుకి తెలుసు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వచ్చే పక్షుల్ని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. కాపలాకి జీతగాళ్ళ అవసరం రాదు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ ఉదాహరణ ఇంకా విచిత్రం. 1938లో వైస్రాయి బృందం ఒక్కరోజులో 4,273 పిట్టల్ని కొట్టింది. ఆ సంఖ్య చదివితే వాంతి వస్తుంది. కానీ మహారాజు వేట కోసం నీళ్ళు నిలిపాడు కాబట్టే ఇవాళ అక్కడ జాతీయ పార్కు మిగిలింది.

ఇప్పుడు ఇక్కడి చిక్కు చెప్తాను. ఈ దేశంలో వేటగాళ్ళు తగ్గిపోతున్నారు. 1970ల మొదట్లో ఏటా 20 లక్షలకి పైగా అమ్ముడైన స్టాంపులు ఇప్పుడు 15 లక్షల దగ్గర ఆడుతున్నాయి. మా సహోద్యోగి కొడుక్కి తెల్లవారుజామున నాలుగింటికి లేవడం ఇష్టం లేదు, వీడియో గేమ్‌లో వేటాడతాడు. వాళ్ళు మానేస్తే నేల ఎవరు కొంటారు? కెమెరాలు పట్టుకుని రెఫ్యూజీకి వెళ్ళే మనలాంటి వాళ్ళం పక్షుల్ని ప్రేమిస్తామంటాం, కట్టేది మాత్రం గేటు దగ్గర కొద్దిపాటి రుసుము. మన ఇళ్ళలో శాకాహారులున్నారు, వేట పేరు వింటే చెవులు మూసుకునే వాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ స్టాంపు కొన్నంత మాత్రాన పిట్టని కొట్టాలని లేదు. ఎవరైనా కొనచ్చు.

పోస్టాఫీసులోనో, ఇంటర్నెట్‌లోనో దొరుకుతుంది. జులై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా చెల్లుతుంది, అంటే మన సభలు జరిగే ఈ రోజుల్లోనే కొత్తది వస్తుంది. ముందువైపు సంతకం పెడితే, ప్రవేశ రుసుమున్న ఏ జాతీయ వన్యప్రాణి రెఫ్యూజీకైనా అదే టికెట్. మన సంఘం పోస్టర్ల పోటీలో గెలిచిన పిల్లలకి ప్లాస్టిక్ కప్పుల బదులు ఈ స్టాంపు ఇస్తే బాగుంటుందని కార్యవర్గానికి రాసి ఇచ్చాను. ఆలోచిస్తామన్నారు.

జనవరిలో ఫోర్సైత్‌కి రండి. గాలి ఉన్న రోజే ఎంచుకోండి. దూరంగా తుపాకులు పేలితే కంగారు పడకండి, రెఫ్యూజీలో కొన్ని భాగాల్లో అనుమతితో వేట జరుగుతుంది. థెర్మాస్‌లో టీ, పులిహోర ఏదైనా పరవాలేదు, పిల్లలకి గ్లవ్స్ మాత్రం రెండు జతలు తెచ్చుకోండి.