యతీమ్ మనుమల పేర వసీయత్ ఎప్పుడు వ్రాయాలి?

 

వసీయత్ అనగానే మన ఇళ్లలో మరణశయ్య గుర్తుకు వస్తుంది. ఆ మాట ఎత్తడమే అపశకునమని నోరు మూయించేవారూ ఉన్నారు. కాని వసీయత్ చేయదగినది ఏదైనా ఉన్న ముస్లిం దానిని వ్రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపరాదన్న భావంతో ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉన్నది. అందులో వ్యాధి ఊసు గాని, వార్ధక్యం ఊసు గాని లేదు.

హజ్‌కు బయలుదేరేవారు, కువైట్‌కో సౌదీకో పనికి వెళ్లేవారు అప్పులు, అమానతులు వ్రాసి పెట్టి వెళ్లాలన్నది అందరికీ తెలిసినదే. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పేనని, వారసుల వాటాల కంటే ముందే దానిని తీర్చాలని మాత్రం చాలామంది మరచిపోతారు. నేడు మేము ముఖ్యంగా మాట్లాడదలచినది మరొక సందర్భం గురించి: తండ్రి బ్రతికి ఉండగానే కొడుకు కన్నుమూసిన ఇల్లు.

మనలో అత్యధికులు పాటించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, తాతకు మరొక కొడుకు జీవించి ఉంటే, మరణించిన కొడుకు బిడ్డలకు తాత ఆస్తిలో వాటా రాదు. ఒక లెక్క చూద్దాం. తాత మరణించాడు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోను 24 లక్షల రూపాయలు మిగిలాయి. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. కొడుకుకు 14 లక్షలు. కూతురుకు 7 లక్షలు. యతీమ్ బిడ్డలకు శూన్యం. వారి తండ్రి జీవించి ఉంటే అతనికి 8 లక్షల 40 వేలు వచ్చి ఉండేవి. తాత తనకున్న మూడో వంతు అధికారంతో ఆ బిడ్డల పేర వసీయత్ చేసి ఉంటే వారికి 8 లక్షలు దక్కేవి. ఇంచుమించు తండ్రి వాటాయే! దీనికి చిన్నాన్న సమ్మతి గాని, మేనత్త సమ్మతి గాని అవసరం లేదు.

ఈజిప్టు 1946లోనే ఇటువంటి బిడ్డలకు తప్పనిసరి వసీయత్‌ను చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో తండ్రి వాటానే వారికి ఇచ్చింది. దానిపై ఉలమాలు అభ్యంతరం తెలిపారు. మన దేశపు ముస్లిం పర్సనల్ లాలో అటువంటి నియమమేదీ లేదు. ఇక్కడ ఆ బిడ్డలకు తాత కలమే దిక్కు.

కనుక ఎప్పుడు అన్న ప్రశ్నకు మా జవాబు: కోడలి ఇద్దత్ 4 నెలల 10 రోజులు ముగిసేలోగా. ఆమె గర్భవతి అయితే బిడ్డ పుట్టాక ఆ పేరు కూడా చేర్చాలి. జాప్యం చేస్తే, తాతకు మతి స్థిమితంగా లేనప్పుడు వ్రాయించుకున్నారన్న వివాదం రేగుతుంది. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. నోటిమాటగా చేసినదీ చెల్లుతుంది, కాని కోర్టులో రుజువు చేయడం కష్టం. ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకొని, వీలైతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించడం మేలు.

వ్రాసిన దానిని పెట్టెలో పడేసి మరచిపోరాదు. ఎవరు వారసులన్నది వసీయత్ వ్రాసిన నాటిని బట్టి గాక, తాత మరణించిన నాటిని బట్టి తేలుతుంది. మిగిలిన కొడుకు కూడా తాతకంటే ముందే మరణిస్తే మనుమడు తానే వారసుడవుతాడు. వారసుని పేర వ్రాసిన వసీయత్ తక్కిన వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మనుమడు తాతకంటే ముందు పోయినా దస్తావేజు తిరగవ్రాయాలి. వ్రాసినవారు జీవించి ఉన్నంతకాలం దానిని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు.

మసీదు కమిటీల పెద్దలకు మా మనవి ఒక్కటే. యువకుని జనాజా లేచిన ఇంటికి పరామర్శకు మీరు ఎటూ వెళతారు. మరునాడే వద్దు. నెల గడిచాక మళ్లీ వెళ్లి, ఆ తాతగారిని ప్రక్కకు పిలిచి, పిల్లల పేర ఏమైనా వ్రాశారా అని అడగండి. వ్రాయకపోతే కాగితం, కలం మీరే తీసుకువెళ్లండి.