గ్రామఫోను రికార్డు చెప్పేది, చెప్పనిది



మీ ఇంట్లో అటకమీద పాత గ్రామఫోను రికార్డులు ఉన్నాయా? పెట్టె పాడైపోయాక ఎవరూ ముట్టుకోనివి? ఉంటే ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా మీకోసమే.

మద్రాసులో స్థిరపడిన తెలుగువారిలో వి.ఎ.కె. రంగారావుగారి పేరు సంగీతప్రియులకు బాగా తెలుసు. వారిది బొబ్బిలి జమీందారీ కుటుంబం. ఆయన సేకరించిన రికార్డులు 40,000కు పైమాటే. అయితే పోగుచెయ్యడం ఒక్కటే ఆయన గొప్పతనం కాదు. సంగీత నృత్యాల మీద ఎంతో రాశారు. పదాలకు స్వయంగా అభినయం చేశారు. కార్వేటినగరం వేణుగోపాలస్వామి సన్నిధిలో నర్తించారు. సారంగపాణి పదాలకు నెలవైన సంస్థానం అది. 1960 దాకా మన తిరుత్తణి కూడా ఆ చిత్తూరు జిల్లాలోనిదే కదా!

సేకరణ, పరిశోధన, అభినయం ఒక్కరిలో కలిస్తే ప్రయోజనం ఏమిటంటారా? నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క రికార్డులో ఒక వైపున పట్టేది మూడు నిమిషాల పైచిల్లర మాత్రమే. క్షేత్రయ్య పదమేమో తీరుబడిగా నడిచేది. దాన్ని రికార్డులో ఇమడ్చాలంటే చరణాలు తగ్గించాలి, నడక పెంచాలి. రికార్డు మాత్రమే విన్నవారు పదమంటే ఇంతే అనుకుంటారు. నాయిక ఒకే మాటను నాలుగు భావాలతో పలకవలసిన చోట గాయని ఒక్కసారే పాడి ముందుకు సాగిందని అభినయం తెలిసినవారు పసిగడతారు. పోనీ, పుస్తకం చూసుకుందామా? అందులో సాహిత్యం ఉంటుంది, గమకం ఉండదు. గమకం వినాలంటే మళ్ళీ రికార్డే దిక్కు. పుస్తకం, రికార్డు, అభినయం మూడూ కలిస్తేనే పదం పూర్తిగా మనకు దక్కుతుంది.

మన పదాలను తమిళనాట కాపాడినవారిలో వీణ ధనమ్మాళ్ కుటుంబం ముఖ్యమైనది. ఆమె 1938లో కన్నుమూశారు. మనుమరాళ్ళలో బృంద, ముక్త పదాలు పాడారు, బాలసరస్వతి అభినయించారు. ధనమ్మాళ్ వీణ మాత్రం ఈనాడు మనకు వినిపించేది కొద్ది రికార్డుల్లోనే. అవీ ఎవరో దాచబట్టి మిగిలాయి.

అందుచేత పాత రికార్డులను తూకానికి అమ్మకండి. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. ఎండ తగలనివ్వకండి, వేడికి రికార్డు వంకర పోతుంది. లక్క రికార్డును స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. పొడి మెత్తని గుడ్డ చాలు. మధ్యనున్న చీటీమీది పాట, పాడినవారి పేరు, నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఆ చీటీ చిరిగితే పాడినవారు ఎవరో చెప్పేవారుండరు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ పాటలో వదిలేసిన చరణాలు వాళ్ళకు గుర్తున్నాయేమో అడగండి. వాటిని కూడా ఆ పక్కనే రాయండి.

సరిహద్దు ఊళ్ళలో బడి భాష మారినా, ఇంటి పేరు మారినా, పాట మిగిలింది. దాన్ని మన పిల్లలకు అందించే పూచీ మనదే.