తిరువాలంగాడుకు దారి

నగరి నుంచి తిరుత్తణి మీదుగా మోటారు సైకిలుపై తిరువాలంగాడు రత్నసభ దర్శనానికి బయలుదేరుతున్నారా? జి.పి.ఎస్.లో ఊరి పేరు ఒక్కటే చూసి కదలకండి. మయిలాడుదురై జిల్లాలోనూ ఒక తిరువాలంగాడు ఉంది! తిరువళ్లూరు జిల్లాదేనని సరిచూసుకోండి.

జి.పి.ఎస్. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలతో మీరున్న చోటు చెబుతుంది. దానికి సెల్ సిగ్నల్ అక్కర్లేదు. పటానికి మాత్రం కావాలి. కనుక పటాన్ని ఇంటి దగ్గరే ఫోనులోకి దించుకోండి.

విడిగా పరికరం కొనేవారు వానకు తట్టుకునేది, ఎండలో తెర కనిపించేది ఎంచుకోండి. ఫోనైతే బండి అదురుకు కెమెరా చెడవచ్చు. అదురు తగ్గించే స్టాండు వాడండి. తెర చూడాలంటే బండి పక్కన ఆపండి.

అప్పటికీ అనుమానమైతే టీ కొట్టు దగ్గర తెలుగులోనే అడగండి. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే కదా!