పన్ను ఓడ దాటింది, హక్కు దాటలేదు



ఆదాయం లేనివారికి ఆదాయపు పన్ను లేదు. పంట పోయినా పేద రైతు మాత్రం అప్పట్లో శిస్తు కట్టాల్సి వచ్చేది. 1927లో బొంబాయి శాసన మండలిలో బాబాసాహెబ్ ఈ అన్యాయాన్నే ఎత్తిచూపారు.

శ్రీకాకుళం నుంచి శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) వలసొచ్చిన దళిత కూలీదీ ఇప్పుడు అదే పరిస్థితి. ఆదాయపు పన్ను కట్టేంత కూలి రాదు. కానీ 2017 నుంచి 2025 సెప్టెంబర్ దాకా ఒంటి సబ్బుపై 18 శాతం జీఎస్టీ కట్టాడు. ఆ తర్వాతే అది 5 శాతమైంది. మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు మాత్రం 2019లోనే పన్ను 22 శాతానికి దిగింది.

ఈ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. ఊళ్లో ఎస్సీ, ఓడ దిగితే స్థానికంగా ఆ గుర్తింపు లేదు. వసూలు చేసేటప్పుడు కనిపించిన మనిషి, ఇచ్చేటప్పుడు ఎందుకు కనిపించడు? బడ్జెట్‌ను ఈ ప్రశ్నతో చదవండి.