సదస్సు తరువాత చిల్కూరు దారిలో

సైన్సు సదస్సుల్లో అసలు పరిచయాలు వేదిక దిగాకే ఏర్పడతాయి. 2010 ఆగస్టులో హైదరాబాదులో ప్రపంచ గణిత మహాసభ జరిగింది. అక్కడ విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి 40 మందితో చదరంగం ఆడారు. డ్రా చేసుకోగలిగింది పద్నాలుగేళ్ల కుర్రాడొక్కడే! రామానుజన్ కథ కలిసిన నాటకాన్నీ ప్రదర్శించారు.

సదస్సు ముగిశాక ఇలా కలిసి గడిపే సాయంత్రాలకు హైదరాబాదు దగ్గరి చిల్కూరు అనువైన చోటు. హుండీ లేని బాలాజీ గుడి, చుక్కల దుప్పులు, నెమళ్లు తిరిగే మృగవని ఉద్యానం ఇక్కడే ఉన్నాయి. దగ్గర్లోనే ఉస్మాన్‌సాగర్. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయమది. కట్ట మీద నడుస్తూ సదస్సుకు వచ్చిన ఇంజనీరొకరు ఆ వివరం చెబితే, వెంట ఉన్న విలేకరికి వార్త, పంతులుగారికి పాఠం దొరుకుతాయి.

అందుకే సదస్సు నిర్వాహకులు కార్యక్రమంలో ఒక సాయంత్రం ఖాళీగా ఉంచాలి. స్థానిక ఉపాధ్యాయులనూ పిలవాలి.