ఆరని రొట్టెల భట్టీలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచంలో అన్నింటికన్నా పాత రొట్టె దుకాణాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇదేం విషయమండీ అని కొందరు నవ్వుకోవచ్చు. రాజ్యాలు పోయాయి, రాజవంశాలు పోయాయి. రొట్టె కాల్చే పొయ్యి మాత్రం ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒకే ఊళ్లో నిలిచిందంటే దాని వెనుక ఏదో ఒక ఏర్పాటు ఉండి తీరాలి గదా! ఆ ఏర్పాటు ఏమిటో చూద్దామనే నా ప్రయత్నం.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పాతది అంటే ఏ పాతది? ఇటలీలో పాంపే నగరం క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. 1862లో తవ్వుతుంటే ఒక బేకరీ పొయ్యిలో మాడి బొగ్గయిన రొట్టెలు 81 దొరికాయి. కాల్చినవాడు వాటిని బయటికి తియ్యలేకపోయాడు పాపం. అది పాతదే, కాని ఆరిపోయిన పొయ్యి. మనకు కావలసింది ఇవాళ కూడా రొట్టె అమ్మే దుకాణం.

అలాంటి వాటిలో ముందు చెప్పుకోవలసింది ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ పట్టణంలో ఉంది. అక్కడ సెయింట్ పీటర్ అనే క్రైస్తవ మఠం ఉంది. మఠం పుట్టింది 696లో. దాని బేకరీ ప్రస్తావన 1160 నాటి కాగితాల్లో కనిపిస్తుందంటారు. మన ఓరుగల్లులో వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. చార్మినార్ 1591లో లేచేటప్పటికి ఆ బేకరీకి నాలుగు వందల ఏళ్లు దాటాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి, 1160 అనేది పేరు కాగితం మీదికెక్కిన ఏడాది. పొయ్యి అంతకు ముందే రాజుకుని ఉండవచ్చు. పాత దుకాణాల లెక్కలన్నీ ఇంతే. ఎవరి కాగితం భద్రంగా ఉంటే వాళ్లే పాతవాళ్లు.

రొట్టెకు పిండి కావాలి, పిండికి తిరగలి కావాలి, తిరగలి తిరగాలంటే నీరు కావాలి. సాల్జ్‌బర్గ్‌లో మఠంవారూ పెద్ద చర్చివారూ కలిసి 1137 నుంచి 1143 వరకు ఆరేళ్లు కొండను తొలిచారు. సుమారు 400 మీటర్ల సొరంగం! మందుగుండు లేని రోజుల్లో ఉలీ సుత్తీ పెట్టుకుని తొలిచిన కాలువ అది. ఆ నీరే ఊళ్లోకి వచ్చి తిరగళ్లు తిప్పింది. బేకరీ ముందర నీటి చక్రం ఇప్పటికీ తిరుగుతుంది, కాకపోతే నేడు కరెంటు తీస్తుంది. ఏటా సెప్టెంబరులో కొన్ని వారాలు కాలువకు నీళ్లు కట్టేసి పూడిక తీసి, గోడలు బాగుచేస్తారు. మన చెరువుల సంగతి నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుసు.

లోపల పని పాత పద్ధతే. కట్టెల పొయ్యి. గోధుమా, రై అనే ధాన్యమూ కలిసిన పిండి. పొంగడానికి డబ్బాలో వచ్చే ఈస్టు వెయ్యరు, పుల్లపిండి వేస్తారు. నిన్నటి పిండి ముద్దలో కొంత దాచి ఇవాళ్టి పిండిలో కలపడమన్నమాట. మన ఆడవాళ్లకు ఇది విడమర్చి చెప్పాలా? పెరుగు తోడు వెయ్యడం లాంటిదే. మనం ఖమీర్ అంటాం. రొట్టెలు కాల్చేది సన్యాసులు కారు, మఠం దగ్గర తీసుకుని నడుపుకునే పనివాళ్లు. పనివాడు మారినా చోటు మారలేదు, ఖమీర్ పద్ధతి మారలేదు.

ఈ ఖమీర్ కోసం ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బూడాన్ బేకరీ 1849లో బంగారం వేటగాళ్ల కాలంలో మొదలైంది. 1906లో భూకంపం వచ్చి, మంటలు లేచి ఊరు తగలబడుతుంటే యజమానురాలు లూయీజ్ బూడాన్ ఖమీర్ ముద్దను బకెట్‌లో వేసుకుని బయటపడిందని ఆ దుకాణంవారు చెప్పుకుంటారు. నగల పెట్టె కాదు, పిండి ముద్ద! ఆమెకు తెలుసు ఏది పోతే మళ్లీ రాదో.

పారిస్‌లో స్టోరేర్ అనే మిఠాయి దుకాణం 1730 నాటిది. పోలండ్ రాజుగారి అమ్మాయిని ఫ్రాన్సు రాజుకిచ్చి 1725లో పెళ్లి చేస్తే, ఆమె వెంట వచ్చిన వంటవాడు పెట్టినది. అక్కడి పేరుపొందిన తీపిలో సారా పోస్తారు కనుక మనం దాటిపోదాం.

మన దేశంలో సూరత్‌కు వెళదాం. అక్కడ డచ్చివాళ్ల దగ్గర రొట్టెలు కాల్చిన పార్సీ ఒకడు, దోటీవాలా, వాళ్లు వెళ్లిపోయాక ఆ పని తానే సాగించాడు. దుకాణం 1861 నాటిదని లెక్క. ఆ రోజుల్లో పిండి పొంగడానికి కల్లు పోసేవారట. కల్లు పోసిన రొట్టె ఊళ్లో చాలామంది ముట్టలేదు. మిగిలి ఎండిన రొట్టెలే గట్టి బిస్కెట్లుగా అమ్ముడయ్యాయనీ, తర్వాత కల్లూ గుడ్డూ లేకుండా చేసినదే నాన్‌ఖతాయీ అనీ చెబుతారు. మన పిల్లలు టీలో ముంచుకునే ఆ బిస్కెట్టు, గిరాకీ లేని రొట్టెలోంచి పుట్టిందన్నమాట!

ఇక హైదరాబాదు. పాతబస్తీలో 1851 నాటిదని చెప్పుకునే మున్షీ నాన్ పేరు మీరంతా విన్నదే. తందూరు గోడకు అతికించి కాల్చిన నాలుగు మూలల నాన్, నహారీలో ముంచుకుని తిన్నవాడు మరచిపోడు. పేరులోనే ఉంది, మొదలుపెట్టినవాడు నిజాం కచేరీలో మున్షీ. కలం పట్టినవాడు పిండి పిసకడానికి సిగ్గుపడలేదు. ఈనాడు మనలో ఎందరం కొడుకు భట్టీ దగ్గర నిలబడతానంటే సరేనంటాం? అర్ధరాత్రి లేవాలి, వేడికి చేతులు మాడతాయి, పైగా పెళ్లి సంబంధం దగ్గర చిన్నచూపు. ఉస్తాద్‌తోనే పని చచ్చిపోతోంది.

రెండో సంగతి చోటు. బజారులో స్థలం ధర పెరిగిందంటే రొట్టె మీద వచ్చే లాభం అద్దెకు చాలదు. అన్నదమ్ములు పంచుకుంటే ఎవరో ఒకరు అమ్ముతారు. సాల్జ్‌బర్గ్ పొయ్యి అలా పంపకాల్లో పడలేదు, చోటు మఠానిది గనుక. దీనికి మనలోనూ సాటి ఉంది. జెరూసలేంలో సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రమ్ సుల్తాన్ 1552లో ఒక లంగర్‌ఖానా కట్టించింది. ఊళ్లకు ఊళ్లు దానికి వఖఫ్ రాసింది. పొద్దున బియ్యపు గంజి, సాయంత్రం గోధుమ రవ్వ గంజి, దానితో ఒక రొట్టె. శుక్రవారం రాత్రుల్లోనూ రంజాన్‌లోనూ మాంసం కలిపిన అన్నం, కుంకుమపువ్వు వేసిన తీపి అన్నం. అది దుకాణం కాదు, అక్కడ ఎవరూ డబ్బివ్వరు. ప్రభుత్వాలు ఎన్ని మారినా పేదలకు ఆ వంటశాల నేటికీ వండి పెడుతోంది. రంజాన్ వస్తే గిన్నెలు పట్టుకుని జనం వరసగా నిలబడతారు.

సెక్రటరీగారు గడియారం చూస్తున్నారు. భోజనాలు కూడా సిద్ధమైనట్టున్నాయి. సెలవు.